‘నేను’ నేసిన బట్ట

చేతిపనిని గురించిన రచన ఈమధ్య ఒక కొత్త రూపం తీసుకుంది. దాన్ని రాసేవాడు నేతగాడూ కాదు, కుమ్మరీ కాదు. చేతిపని వస్తువులను కొత్త తీరులో చేయించి అమ్మే వ్యాపారి. తనను తాను సృజనశీలి అని చెప్పుకుంటాడు. ఈ రచనలకు అప్పుడే ఒక మూస ఏర్పడింది. రచయిత ఆఫ్రికాకు వెళతాడు. సంతలో ఒక బట్ట, ఒక పూసలదండ, ఒక కొయ్యబొమ్మ కంటబడతాయి. మగ్గం ముందు ఒక ముసలమ్మ నవ్వుతూ కూర్చుని ఉంటుంది. ఆమె పేరు మనకు తెలియదు. ఆమెను చూడగానే రచయితకు జీవితమంటే ఏమిటో బోధపడుతుంది. తిరిగివచ్చి కొత్త సరుకు మొదలుపెడతాడు. చివరి పేరాలో తాను మనిషిగా ఎంత ఎదిగాడో చెబుతాడు.

మనిషి ఎదగడం మీద నాకు అభ్యంతరం లేదు. వ్యాపారి కలం పట్టకూడదనీ నేను అనను. నా ప్రశ్న వేరు. ఈ రచనల్లో ఎదిగేది ఒక్క ‘నేను’ మాత్రమే ఎందుకయింది? బట్ట నేసిన చెయ్యి, ఆ బట్ట కట్టిన మనిషి మొదటి పేరాలో ఎక్కడ ఉన్నారో చివరిదాకా అక్కడే ఎందుకు ఉండిపోయారు? యాభై నాలుగు దేశాలు, రెండువేల దాకా భాషలు ఉన్న ఖండాన్ని ‘ఆఫ్రికా సంస్కృతి’ అనే ఒక్క మాటలో మూటగట్టడం ఎవరికి సౌకర్యం?

ఆఫ్రికాకూ తెలుగు మగ్గానికీ ఉన్న సంబంధం ఈ వ్యాపారులతో మొదలైంది కాదు. చీరాల ప్రాంతపు నేతగాళ్లు తరతరాలుగా గళ్ల బట్ట ఒకటి నేశారు. ఎగుమతి వ్యాపారంలో దాని పేరు ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’. పేరుకు చేతిరుమాలే గాని, అది ఒంటికి చుట్టుకునే బట్ట. నేసిన ఊళ్లలో దాన్ని కట్టేవారు లేరు. అది ఓడెక్కి పశ్చిమాఫ్రికాకు పోయేది. నైజీరియాలో, నైజర్ నది సముద్రంలో కలిసే చోట కాలబారీ అనే జాతి ఉంది. వారు ఈ బట్టను ‘ఇంజిరీ’ అంటారు. బిడ్డ పుట్టినప్పుడు ఇంజిరీ ఉండాలి. ఆడపిల్ల పెద్దరికం పొందే వేడుకలో ఇంజిరీ ఉండాలి. ఇంటి పెద్ద కన్నుమూస్తే శవాన్ని ఉంచే మంచాన్ని ఈ బట్టలతోనే అలంకరిస్తారు. ఇక్కడి గుంటమగ్గం మీద పుట్టిన బట్ట అక్కడ పుట్టుకకూ చావుకూ సాక్షి అయింది.

కాలబారీలు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని ఊరుకోలేదు. అక్కడి ఆడవాళ్లు సూదితో ఒక్కొక్క పోగును పైకెత్తి, బ్లేడుతో కోసి, లాగేస్తారు. ఎక్కువగా లేతరంగు పోగులను తీసేస్తారు. మిగిలిన పోగులతో బట్ట మీద కొత్త నమూనా తేలుతుంది. చీరాలలో ఒకరు కూర్చిన పోగును కాలబారీలో ఇంకొకరు తీసేస్తే ఆ బట్ట పూర్తవుతుంది. ఇలా తీర్చిన బట్టకు ‘పెలెతె బితె’ అని వారి భాషలోనే పేరు. అమెరికన్ పండితురాలు జోయాన్ ఐకర్, స్వయంగా కాలబారీ అయిన టోన్యే ఎరెకోసిమా ఈ పనిని పరిశీలించారు. పరాయి వస్తువును ఎంచుకోవడం, దానికి తమ పేరు పెట్టడం, తమ ఆచారాల్లో చేర్చుకోవడం, చివరకు దాని రూపాన్నే మార్చడం అనే నాలుగు మెట్లను వారు గుర్తించారు.

సాహిత్య విద్యార్థులు ఈ నాలుగు మెట్లను జాగ్రత్తగా గమనించాలి. అనువాదం, అనుకరణ, ప్రభావం అంటూ మనం పరీక్షల్లో రాసే మాటలన్నిటికంటే ఇవి స్పష్టంగా ఉన్నాయి. ఇవి ఒక్క మనిషి ఎక్కిన మెట్లు కావు. ఒక జాతి స్త్రీలు తరాల తరబడి ఎక్కినవి. ఇందులో ‘నన్ను నేను కనుగొన్నాను’ అని చాటుకున్నవారు ఒక్కరూ లేరు. అయినా సృజన ఉంది.

అయితే దీన్నంతా అందమైన కథగా చెప్పి ముగిస్తే నేనూ ఆ వ్యాపారుల దారినే పోయినట్టు. నేసినవాడికీ కట్టినవాడికీ మధ్య ఒక లెక్కల పుస్తకం ఉంది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో కోరమాండల్ తీరపు బట్టలను ఐరోపా వర్తకులు పశ్చిమాఫ్రికాకు మోసుకుపోయి, వాటికి బదులుగా మనుషులను కొన్నారు. ‘గినీ’ అనే నీలిబట్ట సెనెగల్ తీరంలో జిగురు వ్యాపారానికి నాణెంగా చెల్లింది. మన నేత నైపుణ్యం, నల్లజాతి మనిషి సంకెల ఒకే చిట్టాలో రెండు పద్దులయ్యాయి. ఆ సంగతి మన నేతగాడికి తెలియదు. తెలిసినవాడు చిట్టా రాసినవాడే. ఆ తర్వాతి కాలంలోనూ తీరు మారలేదు. 1970ల నుంచి నైజీరియా ప్రభుత్వం బట్టల దిగుమతులపై ఆంక్షలు పెట్టింది. అక్కడ తీసుకున్న నిర్ణయానికి చీరాల మగ్గాలు దెబ్బతిన్నాయి. తన మగ్గం ఎందుకు ఆగిందో తెలుసుకునే హక్కు కూడా లేని స్థితికే పరాయీకరణ అని పేరు. ఆ మాటను మనం వ్యాసాల్లో ఎన్నోసార్లు వాడాం. ఇక్కడ అది కడుపుకు తగిలిన మాట.

మరి వ్యక్తి ఎదుగుదలకు చోటే లేదా? ఉంది. ఆఫ్రికా నుంచే ఉదాహరణ ఇస్తాను. గూగీ వా థియాంగో ఇంగ్లీషు నవలలతో పేరు పొందిన తర్వాత, 1977లో తన సొంత ప్రాంతం లిమూరులోని కమిరీతు గ్రామంలో రైతులు, కూలీలతో కలిసి గికూయూ భాషలో నాటకం వేశాడు. ఆరుబయలు రంగస్థలాన్ని ఊరివాళ్లే కట్టుకున్నారు. రాతప్రతిలోని మాటలను వాళ్లే సరిదిద్దారు. విశ్వవిద్యాలయ ఆచార్యుడు తన భాషను కూలివాళ్ల దగ్గర మళ్లీ నేర్చుకున్నాడు. ప్రభుత్వం నాటకాన్ని నిషేధించి, ఆ ఏడాది చివర అతన్ని జైల్లో పెట్టింది. జైల్లో మరుగుదొడ్డి కాగితాల మీద గికూయూలో నవల రాశాడు. ఆ నవల సికింద్రాబాదు జైల్లో వరవరరావు చేతుల్లో ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగయింది. గూగీ 2025లో మరణించాడు. ఆయన ఎదిగాడు, సందేహం లేదు. కాని ఆ ఎదుగుదలను కమిరీతు నుంచి విడదీసి చెప్పడానికి వీలులేదు. ఆ ఊరిని తీసేస్తే అక్కడ చెప్పడానికి కథే మిగలదు.

వ్యాపార దక్షత ఉన్నవారంతా ఒకే తీరు అనడం కూడా న్యాయం కాదు. మా దేవనకొండకు దగ్గరలోనే ఎమ్మిగనూరు ఉంది. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించారు. సహకార సంఘమంటే పేరుకు కట్టిన బోర్డు కాదు. నేతగాడే అందులో వాటాదారు. సంఘం నూలు ఇస్తుంది, బట్ట తీసుకుంటుంది, మజూరీ చెల్లిస్తుంది. షావుకారు గుమ్మం ముందు నిలబడే పని తప్పుతుంది. వానలు మోసం చేసిన ఏడు ఊళ్లో ఎవరూ బట్ట కొనని ఈ కరువుసీమలో ఇది చిన్న సంగతి కాదు. సోమప్పను కూడా మనం ఒక్క మహానుభావుడి కథగానే చెప్పుకుంటున్నాం. ఆయన చేసిన పనికి అది తగిన గౌరవం కాదు. ఆ సంఘం చరిత్రను మగ్గంగుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవారి వైపు నుంచి రాయవలసిన బాకీ ఈ జిల్లా రచయితలకు ఇంకా ఉంది.

ఇంతకీ తప్పు వ్యాపారులదేనా? అభ్యుదయ రచయితలం మనమేం చేశాం? మన కవితల్లో నేతగాడు ఎముకల గూడు, లోకానికి బట్టనిచ్చి తాను దిగంబరుడై నిలబడిన బొమ్మ. నేనూ అటువంటివి రాశాను. ఆ కవితల్లో పడుగు, పేక ఉపమానాలకు పనికొచ్చాయి గాని, అచ్చు అతికిన వేళ్లు లేవు. కండెలు చుట్టిన ఇల్లాలు లేదు. మజూరీ ఎంతో లేదు. వ్యాపారి నేతగాణ్ణి తన ఎదుగుదలకు వాడుకుంటే, మనం మన కరుణకు వాడుకున్నాం. రెండుచోట్లా అతను నోరెత్తలేదు. వస్తువు అభ్యుదయకరమైనంత మాత్రాన దృక్పథం కూడా అభ్యుదయకరమైపోదు.

కాబట్టి చేతిపనిని గురించి ఏ రచన కనబడినా మూడు ప్రశ్నలు వేయాలని నా సూచన. చేసినవారికి ఇందులో పేరుందా? వారికి ముట్టిన డబ్బు ఎంతో రాశాడా? రచయిత చెప్పినదాన్ని కాదని వారు ఒక్క మాటైనా అనగలిగారా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. కాలబారీ స్త్రీ చీరాల నేతను గౌరవిస్తూనే దాని పోగులు కోసింది. ఎదురుచెప్పే వీలున్నచోటే సంస్కృతి పెరుగుతుంది.

ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లో దొరకలేదు. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతికి ‘చేనేత’ మీద వ్యాసం ఇచ్చాను. అందరూ జాతి గౌరవమనీ, గాంధీజీ అనీ రాశారు. నేతపని ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాలుగే వాక్యాలు రాసింది. అవ్వ కండెలు చుడుతుండేదని, నాయన చీర నేయడానికి ఎన్ని దినాలు పట్టేదో, షావుకారు ఎంత ఇచ్చేవాడో రాసింది. చివర, ఇప్పుడు మగ్గంగుంటలో కట్టెలు పెట్టుకున్నామని రాసింది. ఉపోద్ఘాతం లేదు, ముగింపు లేదు అని పదికి మూడు మార్కులు వేశాను. దసరా తర్వాత ఆ కుటుంబం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయింది. ఆ అమ్మాయి మళ్లీ బడికి రాలేదు. నోటుబుక్కు నా దగ్గరే ఉండిపోయింది.

ఈ వ్యాసంలో నేను అడిగిన ప్రశ్నలకు ఆ నాలుగు వాక్యాల్లో జవాబు ఉంది. నేనే చదవలేకపోయాను.