విరాట్ స్తూపం నుంచి విజయరాయి దాకా

నేలకొండపల్లి అనగానే మనకు గుర్తొచ్చేది భక్త రామదాసు. కంచర్ల గోపన్న పుట్టిన ఊరది. పాల్వంచ తహశీల్దారుగా ఉంటూ ఆయన భద్రాచలంలో రాములవారికి గుడి కట్టించిన కథ ఖమ్మం, కొత్తగూడెం జిల్లాల్లో చిన్నపిల్లలకూ తెలుసు. అదే నేలకొండపల్లి పక్కన, ముజ్జుగూడెం దగ్గర, గోపన్న కాలానికి వెయ్యేళ్ల పైచిలుకు ముందటి ఇటుకల కట్టడం ఉంది. విరాట్ స్తూపం అంటారు. 1970ల్లో మొదలైన తవ్వకాల్లో విహారాల పునాదులు, బావులు, సున్నపురాతి బుద్ధ విగ్రహాలు, ఒక కంచు బుద్ధుడు బయటపడ్డాయి. అటు కొత్తగూడెం దగ్గర కారుకొండ మీద రాతిలో చెక్కిన బుద్ధ రూపాలున్నాయి. ఈ అడవి అంచున భిక్షువులు బతికారు. చుట్టుపక్కల ఊళ్లు వాళ్లకు అన్నం పెట్టాయి.

ఇవాళ ఖమ్మంలో ఒక టీచరో, ఇల్లెందులో ఒక సింగరేణి కార్మికుడో బుద్ధుడి దారిలో నడవాలనుకుంటే స్తూపం చూపించగలం. పక్కన కూర్చోబెట్టి నేర్పేవాళ్లను మాత్రం వెతుక్కోవాలి. వెతికితే రెండు గడపలు కనిపిస్తాయి. ఒకటి విపశ్యన ధ్యాన కేంద్రం, రెండోది అంబేడ్కర్ భవనంలో జరిగే ఆదివారం వందన. కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లు రెండోదాన్ని రాజకీయం అంటారు. జై భీమ్ అనేవాళ్లు మొదటిదాన్ని తీరికున్నవాళ్ల వ్యవహారం అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాటలు నమ్మి ఒక గడప దగ్గరే ఆగిపోకూడదని నా గట్టి అభిప్రాయం.

ముందు విపశ్యన సంగతి. బర్మాలో పుట్టి పెరిగిన సత్యనారాయణ గోయెంకా తన గురువు ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న పద్ధతిని 1969లో భారతదేశానికి తెచ్చారు. హైదరాబాద్ శివారులో, నాగార్జునసాగర్ రోడ్డు మీద, 1976లో ధమ్మఖేత్త కేంద్రం వెలసింది. ఖమ్మం, సత్తుపల్లి వాళ్లకు దగ్గరిది ధమ్మవిజయ. చింతలపూడి మీదుగా ఏలూరు వెళ్లే రోడ్డులో విజయరాయి దగ్గర ఉంటుంది. పది రోజుల శిబిరానికి రుసుము లేదు. భోజనం, బస అన్నీ అంతకుముందు శిబిరం పూర్తిచేసినవాళ్లు ఇచ్చిన దానంతోనే నడుస్తాయి. ఫోను అప్పగించాలి. రాయకూడదు, చదవకూడదు, తోటివాళ్లతో మాట్లాడకూడదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు.

మొదటి మూడున్నర రోజులూ ఆనాపానం. ముక్కుపుటాల కింద, పై పెదవికి పైన ఉండే చిన్న చోట మనసు నిలిపి శ్వాసను గమనించడమే పని. ఇది ప్రాణాయామం కాదు. ఊపిరి బిగబట్టడం, లెక్కపెట్టడం, మంత్రం, రూపం ఏవీ ఉండవు. వచ్చే గాలి, పోయే గాలి. రెండు నిమిషాలు కాకముందే మనసు ఇంట్లో అప్పు మీదికో, ఎప్పుడో ఎవరో అన్న మాట మీదికో పోతుంది. పోయిందని తెలిసిన క్షణాన తిట్టుకోకుండా మళ్లీ శ్వాస దగ్గరికి తెచ్చుకోవాలి. శిక్షణంతా ఆ తెచ్చుకోవడంలోనే ఉంది.

నాలుగో రోజు నుంచి విపశ్యన. తల నుంచి పాదాల దాకా ఒళ్లంతా అంగుళం అంగుళం చూసుకుంటూ పోవాలి. వేడి, దురద, తిమ్మిరి, చీమ పాకినట్టు, ఏది తగిలితే అది. రోజుకు మూడుసార్లు, గంటసేపు, చేతులూ కాళ్లూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి. దాన్ని అధిష్ఠానం అంటారు. అరగంట దాటేసరికి మోకాలు మండుతుంది. మామూలుగా అయితే మనకు తెలియకుండానే కాలు మార్చేస్తాం. ఇక్కడ ఆ మంట రావడం, గట్టిపడటం, ముక్కలై విడిపోవడం చూస్తాం.

ఇంత కష్టం దేనికంటే, వేదన నుంచి, అంటే ఒంటికి తెలిసే అనుభూతి నుంచి, తృష్ణ పుడుతుందని బుద్ధుడు చెప్పాడు. దుఃఖపు గొలుసు తెంపగలిగేది ఆ రెండింటి మధ్యనే. బజారులో ఎవరైనా కులం పేరుతో చులకన చేస్తే ముందు చెవులు వేడెక్కుతాయి, గుండె అదురుతుంది, మాట ఆ తర్వాతే వస్తుంది. ఆ వేడిని వేడిగా చూడగలిగినవాడు మౌనంగా ఉండిపోవాలని కాదు. ఏం అనాలో, ఎక్కడ ఫిర్యాదు చేయాలో తేల్చుకోవడానికి అతనికి కాస్త చోటు దొరుకుతుంది. శిబిరం చివర్లో అందరి మేలూ కోరే మైత్రీ భావన నేర్పుతారు. తీవ్రమైన మానసిక వ్యాధితో బాధపడేవాళ్లకు ఈ శిబిరం తగదు. ఉన్న విషయం దరఖాస్తులో దాచకుండా రాయాలి.

ఇక రెండో గడప. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ చంద్రమణి మహాస్థవిరుల దగ్గర త్రిశరణ పంచశీలాలు తీసుకున్నారు. ఆ వెంటనే తానే లక్షలమందికి దీక్ష ఇచ్చి 22 ప్రతిజ్ఞలు చేయించారు. అందులో రాముణ్ణి, కృష్ణుణ్ణి దేవుళ్లుగా నమ్మను, పూజించను అన్నదీ ఒకటి. నవమికి భద్రాచలం నుంచి తలంబ్రాలు వచ్చే ఇంట్లో ఆ మాట తేలిగ్గా నోటికి రాదు. విపశ్యన కేంద్రం మతం మారమని అడగదు, ప్రతిజ్ఞలు అడుగుతాయి. తొందరపడి చేయడం కంటే, కులాన్ని విడవడానికి మతం మారడం ఎందుకు అవసరమని అంబేడ్కర్ అనుకున్నారో ఆయన రాసిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ చదివి తెలుసుకుని, అమ్మతో కూర్చుని మాట్లాడి చేయడం మేలు. రిజర్వేషన్ పోతుందన్న భయం చాలామందిది. 1990లో చట్టం చేసి, షెడ్యూల్డు కులాల నుంచి బౌద్ధులైనవాళ్లకూ ఆ హోదా ఇచ్చారు. ఎస్టీ హోదాకైతే మతంతో ముడే లేదు.

రెండు చోట్లా మొదటి మెట్టు పంచశీలమే: చంపను, దొంగిలించను, కామంలో తప్పు నడవను, అబద్ధమాడను, మత్తు తీసుకోను. మన వైపు ఐదోది గట్టి పరీక్ష. పెళ్లికి కల్లు ఉండాలి, కోయ గూడేల్లో పెద్దలకు పెట్టేటప్పుడు ఇప్పసారా ఉండాలి. శీలం తీసుకున్నవాడు తన గ్లాసు పక్కన పెడితే చాలు. గూడెం ఆచారానికి తీర్పు చెప్పే పని అతనిది కాదు.

శిబిరం నుంచి తిరిగొచ్చాక పొద్దునొక గంట, సాయంత్రమొక గంట కూర్చోమంటారు. ఒంటరిగా అది నెలలోపే జారిపోతుంది. బుద్ధుడు, ధమ్మం తర్వాత సంఘాన్ని మూడో శరణంగా ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది. అందుకే భవనంలో వందన చేసే గుంపు, ఇంట్లో కూర్చునే సాధకుడు కలవాలి. తెల్లబట్టలు, పూలు, కొవ్వొత్తి, మూడుసార్లు శరణాలు అయ్యాక అరగంట ఆనాపానం, ఆపైన చదువు, ప్రశ్నలు. పెద్దలు చెప్పారనో, గ్రంథంలో ఉందనో ఒప్పుకోవద్దని కాలాములు అనే జనానికి బుద్ధుడే చెప్పాడు కాబట్టి ఎవరైనా ఏదైనా అడగొచ్చు. పౌర్ణమికీ అమావాస్యకూ ఉపోసథం పెట్టుకోవచ్చు. ఆ రోజు ఎనిమిది శీలాలు. వాటిలో భాగంగా మధ్యాహ్నం దాటాక తినరు, ఆటపాటలు, అలంకారాలు ఉండవు, నేల మీద పడక. భిక్షువులు ఉపోసథానికి కలిసి నియమాలు వల్లించి, తప్పినవి ఒప్పుకునేవారు. గృహస్థులూ ఆ పని చేయొచ్చు. ఈ పదిహేను రోజుల్లో ఏ శీలం ఎక్కడ తప్పిందో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటారు, మిగతావాళ్లు వింటారు, మళ్లీ ఐదూ తీసుకుంటారు.