న్రి చరిత్రను ఎలా చదవాలి?

నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలోని ఇగ్బో ప్రజలకు న్రి పాత పవిత్ర పీఠం. దాన్ని ఏలినవాడిని ఎజె న్రి అంటారు. రాజూ ఆయనే, పూజారీ ఆయనే. ఆయన సైన్యంతో ఊళ్లను గెలవలేదు. ఆయన మనుషులు పవిత్ర దండం పట్టుకుని ఊరూరా తిరిగి తగవులు తీర్చేవారు, నేలతల్లికి అపచారం జరిగితే శుద్ధి చేసేవారు, బిరుదులిచ్చేవారు. రాజ్యమంటే కోట, కత్తి, కప్పం అని పాఠాలు చెప్పే మనకు ఇది కొత్త సంగతి.

ఈ చరిత్రపై ముఖ్యమైన పుస్తకం ఒన్వుఎజెఒగ్వు 1981లో ప్రచురించినది. పెద్దల నోటి మాటను చరిత్రగా తీసుకోవడం ఆయన చేసిన గొప్ప పని. అందుకు మేము ఆయనను గౌరవిస్తాం. మాకు నచ్చనిది ఒకటుంది. తరాలు లెక్కకట్టి రాజులకు సంవత్సరాలు వేసే పద్ధతి అది. మొదటి ఎజె న్రి ఇఫికువానిమ్ 1043లో పీఠమెక్కాడని కొందరు రాస్తారు. కాదు, 1225 ప్రాంతమని మరో లెక్క ఉంది. తేడా 182 ఏళ్లు. పైగా ఒక ఎజె న్రి పోయాక కనీసం ఏడేళ్లు పీఠం ఖాళీగా ఉంచడం అక్కడి ఆచారం. అలాంటి చోట తరాల లెక్క ఎంత నిలుస్తుంది? కథ తప్పు కాదు. కథను అడగకూడని ప్రశ్న అడిగాం.

ఏళ్లు చెప్పగలిగింది నేల. 1930ల చివర ఇగ్బో-ఉక్వులో ఒకాయన తన ఇంటి ఆవరణలో తవ్వుతుంటే కంచు వస్తువులు బయటపడ్డాయి. తర్వాత థర్స్టన్ షా 1959-60లో, మళ్లీ 1964లో తవ్వకాలు జరిపారు. సన్నని పనితనమున్న కంచు పాత్రలు, లక్షన్నరకు పైగా పూసలు, కూర్చోబెట్టి పూడ్చిన ఒక పెద్దమనిషి సమాధి దొరికాయి. కాలం 9వ శతాబ్దం ప్రాంతమని తేలింది. ఇది న్రి పూజారి రాజుల సంప్రదాయానికి దగ్గరని షా భావించారు. కానీ ఆ కంచు మీద పేరేమీ రాసి లేదు. దగ్గర అనడం వేరు, అదే అనడం వేరు.

మరి కథ ఏం చెబుతుంది? న్రి తన పెద్ద కొడుకునూ కూతురునూ బలిచ్చాడు, వాళ్ల సమాధుల్లో దుంప పంటలు మొలిచాయి. ఒక బానిసనూ ఒక బానిస స్త్రీనీ బలిస్తే నూనె తాడి, రొట్టెపనస చెట్లు వచ్చాయి. తిండి ఎంత ఖరీదుతో వచ్చిందో, ఆ ఖరీదు ఎవరు చెల్లించారో ఆ కథ దాచలేదు. న్రిని శాంతి రాజ్యమని పొగిడేవారు ఈ భాగాన్ని దాటేయకూడదని మా అభిప్రాయం.

1911లో బ్రిటిష్ వారు ఎజె న్రి చేత బలవంతంగా అధికారాలు వదిలింపజేశారు. పీఠం బలం పోయింది, పెద్దల మాట మిగిలింది. మనమూ మన పెద్దల మాట రాసుకుంటున్నాం. చెప్పింది చెప్పినట్టు రాద్దాం. చెప్పని సంవత్సరం వేయవద్దు, చెప్పిన నొప్పి తీసేయవద్దు.