జ్వాలాపురపు బూడిద ఏ గ్రూపులోనిది?

గడివేముల మండలములో పదవ తరగతి ఫలితములు వచ్చిన వారము రోజులలో ఇంటింట వినవచ్చు ప్రశ్న ఒక్కటే: "ఏ గ్రూపు?" ఎం.పి.సి. అన్నచో ఆ పిల్లవాడు ఆనాటితో జీవశాస్త్రమునకు, చరిత్రకు నమస్కారము పెట్టినట్లే. బై.పి.సి. అన్నచో గణితమునకు సెలవు. సి.ఇ.సి.లో చేరిన అమ్మాయికి భౌతిక, రసాయన శాస్త్రములతో మరల పని పడదు. పదునైదేండ్ల వయస్సులో, నంద్యాల బస్సు ఎక్కకముందే, ఈ తెగతెంపులు జరిగిపోవును. ఇంటర్మీడియట్ చదువునకు మనము కళాశాల అని పేరు పెట్టుకొన్నను, వయస్సును బట్టి చూచిన అది బడి చదువే. కనుక ఈ విచారణ బడిని గురించినదే అగును.

బడులలో పలు విషయములు నేర్పవలెనన్నచో ఎవరును కాదనరు. సర్వతోముఖాభివృద్ధి అను పెద్దమాట యొకటి చెప్పి సభ ముగింతురు. ఆ మాటతో నాకు తృప్తి లేదు. పలు విషయములు ఎందుకు కావలెనో మన జిల్లాలోని ఒక బూడిద పొర ఇంతకంటె స్పష్టముగా చెప్పగలదు.

గడివేములకు దక్షిణముగా, నంద్యాల జిల్లాలోనే, బనగానపల్లె సమీపమున జుర్రేరు లోయలో జ్వాలాపురమను గ్రామమున్నది. అచ్చటి నేలలో తెల్లని మెత్తని బూడిద పొర కలదు. కొన్నిచోట్ల అది రెండున్నర మీటర్ల మందము. చుట్టుపట్లవారు దానిని త్రవ్వి తీసి అంట్లు తోము పొడికై అమ్ముకొనిరి. నిజమునకు అది సుమారు 74,000 సంవత్సరముల క్రిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు ఆకాశమునకెగసిన ధూళి. సుమారు 2,600 కిలోమీటర్లు గాలిలో వచ్చి, ఇచ్చట రాలి, వాననీటితో పల్లమునకు చేరి పేరుకొన్నది. సూక్ష్మదర్శినిలో చూచిన గాజు పెంకులవలె కనబడును. అంట్లు అంత బాగుగ వదలుటకు కారణము అదియే కాబోలు!

ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కోరిశెట్టర్, ఇంగ్లండు నుండి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా మొదలగువారు ఆ లోయను త్రవ్వి పరిశోధించి, 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితములను ప్రకటించిరి. బూడిద పొరకు క్రిందను, పైనను కూడ రాతి పనిముట్లు దొరకినవి. రెండును చాలవరకు ఒకే తీరుగా నున్నవి. అనగా అంతటి ఉత్పాతము తరువాత కూడ ఈ లోయలో మనుష్యులు తమ పని తాము చేసికొనుచు బ్రతికిరని వారి వాదము. ఆ పనిముట్లు చేసినవారు మనవంటి మానవులా, అంతకు ముందటి జాతివారా అనునది తేలలేదు. ఆ పొరలలో మనుష్యుల ఎముకలు దొరకకపోవుటయే చిక్కు.

ఇంతకు ఈ బూడిద ఏ గ్రూపులోనిది? పనిముట్లను చూచి హెచ్.ఇ.సి. వారు తమదనవచ్చును. ఈ గాజు పెంకులు తోబావే అని తేల్చినది వాటి రసాయనిక సంఘటనము. ఇక వాటి వయస్సు తెలిసిన విధము వినుడు. అగ్నిపర్వతపు రాతి స్ఫటికములలో పొటాసియము ఉండును. అందు పొటాసియము-40 అను స్వల్ప భాగము రేడియోధార్మికము. అది క్రమముగా విచ్ఛిన్నమై కొంత కాల్షియముగను, కొంత ఆర్గాను వాయువుగను మారును. సగము మారుటకు 125 కోట్ల సంవత్సరములు పట్టును. రాయి కరగియున్నప్పుడు ఆర్గాను తప్పించుకొనిపోవును. స్ఫటికమైన తరువాత పుట్టినది లోపలనే చిక్కుకొనును. ఆ చిక్కిన వాయువును కొలిచినచో స్ఫటికము వయస్సు తెలియును. లెక్కవేసి చూడుడు: 74,000 సంవత్సరములలో పది లక్షల పొటాసియము-40 పరమాణువులలో విచ్ఛిన్నమగునవి దాదాపు 41, అందులో ఆర్గానుగ మారునవి నాలుగైదు మాత్రమే. ఇంత స్వల్పమును కొలుచుటకు భౌతికశాస్త్రము, లెక్కకట్టుటకు గణితము కావలయును. ఆ విస్ఫోటనముతో అడవులు తగ్గి గడ్డిభూములు పెరిగినవా అను ప్రశ్నకు వృక్షశాస్త్రము లేక సమాధానము లేదు.

నేను పాఠము చెప్పు తరగతిలో ఆర్గాను ఎలక్ట్రాను విన్యాసమును తడుముకొనక వ్రాయువారే అందరును. ఆ వాయువు మానవుల కథకు కాలము కట్టునని చెప్పబోయినచో, "ఇది సిలబసులో ఉన్నదా సార్?" అని అడుగుదురు. ఆ ప్రశ్న తప్పని నేననను. వారికి కాలము తక్కువ, పోటీ ఎక్కువ. తప్పు సిలబసులోనే యున్నది.

ఈ గ్రూపుల పద్ధతి ఎచ్చటినుండి వచ్చినదో ఒకసారి చూడవలెను. 1952-53లో భారత ప్రభుత్వము నియమించిన మాధ్యమిక విద్యా సంఘమునకు అధ్యక్షులు డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్. 1887లో కర్నూలులో పుట్టినవారు. స్త్రీల వైద్యములో ఆచార్యులు. మద్రాసు విశ్వవిద్యాలయమునకు 27 ఏండ్లు వైస్ ఛాన్సలరుగా నున్నవారు. ఆ సంఘము హైస్కూలు చదువులో ఏడు గ్రూపులను సూచించినది. అందు వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము కూడ ఉండెను. అయితే గ్రూపు ఏదైనను అందరికి ఉమ్మడిగా కొన్ని విషయములను విధించినది: భాషలు, మొదటి రెండేండ్లు సాంఘికశాస్త్రము, గణితముతో కూడిన సామాన్యవిజ్ఞానము, ఏదేని ఒక చేతిపని. గ్రూపులు పై అంతస్తు. ఈ ఉమ్మడి చదువు పునాది. తరువాత 1964-66 నాటి కొఠారీ సంఘము మొదటి పది తరగతులలో గణితము, విజ్ఞానము అందరికి తప్పనిసరి కావలెనన్నది. పదవ తరగతి వరకు ఆ మేలు నేటికిని నిలిచియున్నది. పై రెండేండ్లలో మాత్రము గ్రూపులను ఉంచుకొని ఉమ్మడి చదువును భాషలకు కుదించితిమి. చేతిపని సంగతి చెప్పనక్కరలేదు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలోనే దానికి పేపరు లేదు.

2025-26 విద్యాసంవత్సరము నుండి ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు గణితమును, జీవశాస్త్రమును కలిపి చదువుకొను గ్రూపు నొకటి ప్రవేశపెట్టినది. ఇది మెచ్చదగినది. వైద్యమా, ఇంజనీరింగా అని తేల్చుకొనలేని పిల్లలకు రెండేండ్ల గడువు దొరకినది. కాని ఇందు చేరినది విజ్ఞానమునకు విజ్ఞానమే. ద్వితీయ భాషకు మారుగా మరొక విషయమును ఎన్నుకొనవచ్చునను సదుపాయము కూడ అప్పుడే వచ్చినది. దానిచే ఎం.పి.సి. విద్యార్థి చరిత్ర చదువవచ్చునని కొందరు సంతోషించిరి. నాకు అంత నమ్మకము లేదు. మార్కులు సులభముగ వచ్చు విషయము వైపునకే ఎంపిక ఒరుగును. ఆ ఒరుగుటలో తెలుగు జారిపోవు ప్రమాదము కూడ కలదు. వ్యాప్తిని ఇచ్ఛకు విడిచినచో అది వ్యాప్తిగ మిగులదు.

తల్లిదండ్రుల వాదమును త్రోసివేయరాదు. రెండెకరముల రైతు కుమారునికి ఇంజనీరింగు సీటు అన్నము పెట్టునది. ఆ రెండేండ్లలో చరిత్ర పాఠము వినుమనుట అతనికి విలాసముగ తోచును. కాని పట్నపు పిల్లవానికి పుస్తకశాల, మ్యూజియము, చదువుకొన్న బంధువులు ఉందురు. బడి విడిచినది ఇంట దొరకును. గడివేముల పిల్లవానికి బడి నేర్పనిది చాలవరకు ఎవరును నేర్పరు. కావున వ్యాప్తి అవసరము పల్లెలోనే హెచ్చు. ఇక సీటు రానివారి సంగతి? ప్రవేశపరీక్షకు పనికివచ్చినంతే చదివినవాడు, ఆ పరీక్ష తప్పిన మరునాడు దేనిని పట్టుకొని నిలుచును?

పాఠములకు కరవు లేదు. గడివేముల, ఓర్వకల్లు మండలములలో గని, శకునాల గ్రామముల పొలములలో 2017లో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసినది. సుమారు 5,900 ఎకరములు. వెలుతురు విద్యుత్తుగా మారుట భౌతికశాస్త్రము. ఆ నేలనే ఎన్నుకొనుటకు కారణము భూగోళము. ఫలకములపై ధూళి కడుగుటకు నీరెక్కడిది, భూమి ఇచ్చినవారికి ఏమి దక్కినది అనునవి అర్థశాస్త్రము. ఆ ఊరి పిల్లలు ఆ ఫలకముల ప్రక్కగా బడికి పోవుచున్నారు.

వారమునకు మూడు పీరియడ్లు అన్ని గ్రూపులకు ఉమ్మడిగ కేటాయించిన మొదటికి చాలును. క్రొత్త ఉద్యోగములు అక్కరలేదు. చరిత్ర, రసాయనశాస్త్రము, వృక్షశాస్త్రము చెప్పువారు ఇప్పటికే ఒకే స్టాఫ్ రూములో కూర్చొనుచున్నారు. వానలు వెలసిన తరువాత ఒకనాడు నాలుగు గ్రూపుల పిల్లలను ఒకే బస్సులో జ్వాలాపురము తీసికొనిపోయి, ఆ పొరలను చూపి, మరునాడు తలా ఒక గంట పాఠము చెప్పి, అందరికి ఒకే ప్రశ్నాపత్రము ఇయ్యవచ్చును. అయితే ఆ పేపరుకు మార్కులు కలుపనిచో పిల్లలు వినరు, కళాశాలలవారు పీరియడ్లు విడువరు. కనుక ప్రయాణపు ఖర్చు సంగతి తరువాత. బోర్డువారు మొట్టమొదట మార్కుల సంగతి తేల్చవలెను.