పాఠము తొలగించుట సృష్టి సిద్ధాంతమునకు మేలు చేయునా?

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకమునుండి జీవపరిణామ భాగమును తొలగించినది. 'అనువంశికత, పరిణామము' అను అధ్యాయము 'అనువంశికత'గా మాత్రమే మిగిలినది. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుండి పదవ తరగతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యక్రమమునే స్వీకరించినందున ఆ మార్పు అర్ధవీడు, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతముల ప్రభుత్వ పాఠశాలలకును వచ్చినది. ఇంటరులో జీవశాస్త్రము తీసుకొనని విద్యార్థికి ఈ పాఠము వినే అవకాశము బహుగా తగ్గినది.

ఆదికాండమునకు విరుద్ధమైన బోధ తొలగినదని మన సంఘములలో సంతోషించువారున్నారు. వారి వాదనను పరిశీలించి, అది నిలువదని మేము తలంచుచున్నాము.

మొదటిది, ఈ తొలగింపు ఆదికాండము కొరకు జరుగలేదు. కోవిడ్ అనంతరము పాఠ్యభారము తగ్గించుటయే ఎన్.సి.ఇ.ఆర్.టి. చెప్పిన కారణము. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు దానిని నిరసించుచు లేఖ వ్రాసిరి. అంతకు ముందు, 2018లో నాటి కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ సిద్ధాంతము తప్పనెను. 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి. నాగేశ్వరరావు డార్విన్ కంటె దశావతారములే మేలైన వివరణ యనెను. విజ్ఞానశాస్త్ర తరగతిలో ఒక మతవిశ్వాసము ప్రమాణముగా నిలుచుటను మనము అంగీకరించనిచో, మన విశ్వాసమునకును ఆ స్థానము కోరరాదు.

రెండవది, విధానమును వివరించుట కర్తను నిరాకరించుట కాదు. తల్లి గర్భములో దేవుడే తనను నిర్మించెనని 139వ కీర్తనకారుడు ఒప్పుకొనెను. పిండాభివృద్ధి పాఠము ఆ కీర్తనను కొట్టివేయుచున్నదని ఏ కాపరియు అనడు. జీవజాతుల విషయములోనే ఆ భయమేల?

మూడవది, సాక్ష్యమునకు సంబంధించినది. మన పెద్దలు అక్షరములు దిద్దిన మార్కాపురం పలకరాయి వందకోట్ల సంవత్సరములకు పైబడినదని భూవిజ్ఞానులు లెక్కించిరి. పరిశీలింపకయే అది అబద్ధమని వేదికపైనుండి చెప్పినయెడల, చదువుకొన్న యువకుడు పునరుత్థానమును గూర్చి అదే నోట వచ్చు మాటను ఏల నమ్మును? ప్రకృతి విషయములలో తెలియక మాటలాడు క్రైస్తవుని చూచి అన్యులు లేఖనములనే తృణీకరింతురని అగస్టీను దాదాపు 1,600 ఏండ్ల క్రితమే తన ఆదికాండ వ్యాఖ్యానములో హెచ్చరించెను.

అయితే ఒక అభ్యంతరము నిజముగా బరువైనది. రోమా 5:12 మరణమును ఆదాము పాపముతో ముడిపెట్టుచున్నది. పరిణామమో మానవునికి ముందే మరణమున్నదని చెప్పును. అక్కడ పౌలు చెప్పినది మనుష్యుల మరణమునే అని కొందరును, సమస్త ప్రాణుల మరణమునని మరికొందరును వ్యాఖ్యానింతురు. ఈ చిక్కును తేలికగా దాటవేయువారితో మేము ఏకీభవించము. కాని దానిని విప్పవలసినది వేదాంత కళాశాలలోను, బైబిలు తరగతిలోను గాని పాఠ్యపుస్తకపు పుటలు తగ్గించుటవలన కాదు.

కాబట్టి కాపరులు సంఘ యౌవనులకు ఆదికాండము మొదటి మూడు అధ్యాయములను క్రమముగా బోధింపవలెను; బడిలో వారు విన్న ప్రశ్నలను అక్కడ అడుగనియ్యవలెను. పరిణామము అనగా ఏమో ఎరుగని పిల్లవానికి సృష్టి సిద్ధాంతము ఏ ప్రశ్నకు జవాబో కూడ తెలియదు.