ముక్కాలిపీట న్యాయము: భారీ మోటారు సైకిలుకు మూడవ చక్రము

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపై కూడ కదలక నిలుచును. నాలుగు కాళ్ల బల్ల అట్టిచోట ఊగులాడును. ఏ మూడు బిందువులైనను ఒకే తలములో ఇముడునని రేఖాగణితము చదివిన విద్యార్థి ఎరుగును. అయితే ముక్కాలిపీట అంచున బరువు మోపి కూర్చున్నవాడు పీటతో సహా దొర్లిపడుటయు మన ఇండ్లలో చూచినదే. కదలకుండుట వేరు, పడకుండుట వేరు. ఈ రెండు గుణములను ఒకటిగా ఎంచుటవలన కలుగు భ్రమకు నేడు అమెరికాలో వృద్ధుల కొరకు తయారగుచున్న మూడు చక్రముల మోటారు సైకిలు చక్కని ఉదాహరణము. దీనిని అచట 'ట్రైకు' అందురు. ఇది ఎంతవరకు మంచి యంత్రము, ఎచట లోపభూయిష్ఠము అను విషయమును భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలింతము.

అవసరమెట్లు కలిగినది?

అమెరికాలో మోటారు సైకిలు యువకుల వాహనముగా ఉండెడిది. అక్కడి మోటారు సైకిలు పరిశ్రమ సంఘము సర్వేల ప్రకారము యజమానుల మధ్యస్థ వయస్సు 1990లో 32 ఏండ్లు కాగా 2018 నాటికి 50 ఏండ్లయినది. అనగా యజమానులలో సగముమంది ఏబది దాటినవారే. వారు కోరుకొను బండ్లు కూడ చిన్నవి కావు. హోండా కంపెనీవారి గోల్డ్ వింగ్ 2001 నాటి నమూనాలో ఇంజను పరిమాణము 1832 ఘనపు సెంటీమీటర్లు. బండి బరువు సుమారు 400 కిలోలు. దీనిని కాళ్లతో వెనుకకు నెట్టుట కష్టమగుటచేతనే 1988లో వచ్చిన నమూనాలో స్టార్టరు మోటారు సాయముతో వెనుకకు నడచు ఏర్పాటు చేసిరి.

ఇట్టి బండి పరుగెత్తునప్పుడు బరువు తెలియదు, ఆగినప్పుడే తెలియును. 400 కిలోల బండి గురుత్వకేంద్రము నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున కలదనుకొందము. బండి నిలువునుండి 10 డిగ్రీలు ఒరిగినప్పుడు 80 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకొని ఆపుటకు సుమారు 43 కిలోల బరువుకు సమానమైన బలము కావలెను. 20 డిగ్రీలు ఒరిగినచో 85 కిలోలు కావలెను. ముప్పది ఏండ్లవాడు దీనిని ఎట్లో ఆపగలడు. మోకాళ్లు అరిగి, తొడ కండరములు సన్నగిల్లిన డెబ్బది ఏండ్లవానికి ఇది సాధ్యము కాదు. నాలుగు దారుల కూడలిలో ఎర్ర దీపమువద్ద బండి మీదపడి కాలు విరుగునేమో అను భయము ఊరక పుట్టినది కాదు.

మార్పులోని మంచి

ఈ భయమునకు విరుగుడుగా వెనుక చక్రమును, దానిని పట్టియుంచు చట్రమును తొలగించి, ఆ స్థానమున ఇరుసుతో కూడిన రెండు చక్రములను అమర్చుచున్నారు. పాత బండికి ఇట్టి సామగ్రిని బిగించి ఇచ్చు కార్ఖానాలు కలవు. హార్లే డేవిడ్సన్ కంపెనీ 2009 నమూనాగా ఇట్టి బండిని తానే తయారుచేసి అమ్మసాగినది.

ఇది కేవలము ఒక చక్రమును అదనముగా తగిలించుట కాదు. వంపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకన్న ఎక్కువ దూరము పోవలయును. రెండు చక్రముల నడుమ దూరము 1.2 మీటర్లయినచో లంబకోణపు మలుపులో ఈ తేడా సుమారు 1.9 మీటర్లు. మలుపు చిన్నదైనను పెద్దదైనను ఈ తేడా మారదు. కారణమును విద్యార్థులే లెక్కవేసి తెలిసికొనవచ్చును. రెండు చక్రములు ఒకే ఇరుసుకు గట్టిగా బిగిసియున్నచో ఏదో ఒకటి ఈడ్చుకొనుచు పోవలసివచ్చును. కావున కారులో వలె డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల అమరిక తప్పదు. బరువు పెరుగుటచే వెనుక బ్రేకులు కూడ బలపరచవలెను. ఇవన్నియు చక్కగా కుదిరిన బండి మెచ్చదగినదే. ఆగినచోట కాలు మోపనక్కరలేదు. సామానుకు చోటు కలదు. కాలిబలము పోయినవాడు మరల బయటికి వెళ్లగలుగుచున్నాడు. వృద్ధునికి ఇది చిన్న వరము కాదు.

చేతికి అబ్బిన విద్య ఎదురు తిరుగుట

విమర్శ ఇక్కడినుండి మొదలగును. రెండు చక్రముల బండిని కుడికి తిప్పదలచినవాడు కొంత వేగములో నున్నప్పుడు మొదట హేండిలును క్షణకాలము ఎడమకు తిప్పును. అందుచే బండి కుడికి ఒరుగును. ఒరిగిన పిమ్మటనే కుడికి తిరుగును. ఈ పనిని చేయుచు కూడ చాలమంది ఎరుగరు. విమానము కనుగొన్న రైటు సోదరులలో విల్బర్, సైకిళ్ల వ్యాపారియగుటచే, ఎందరో సైకిలు తొక్కువారిని ఈ ప్రశ్న అడిగి, ఒక్కరును సరిగా చెప్పలేకపోయిరని గమనించెను.

మూడు చక్రముల బండి ఒరగదు. హేండిలు ఎటు తిప్పిన అటే పోవును. నలుబది ఏండ్లు రెండు చక్రముల బండి నడిపినవాడు ప్రమాద సమయమున కుడికి తప్పించుకొనదలచి అలవాటు చొప్పున కుడి పిడిని ముందుకు నెట్టినచో బండి ఎడమకు పోవును. అనుభవము లేనివానికి ఈ చిక్కు లేదు. ఎవరి కొరకు ఈ బండి ఉద్దేశింపబడినదో ఆ అనుభవజ్ఞునికే ఇది అపాయము. ఆపినప్పుడు కాలు దించు అలవాటు సైతము ఇట్టిదే. దించిన పాదముపై వెనుక చక్రము ఎక్కగలదు. కావున బండితోపాటు కొన్ని దినముల శిక్షణ కూడ అమ్మవలసి యున్నది. శిక్షణ లేకుండ బండిని మాత్రమే మార్చి ఇచ్చుట సగము పనియే.

త్రికోణపు లెక్క

రెండవ లోపము ఆకృతిలోనే కలదు. రెండు చక్రముల బండి వంపులో లోపలికి ఒరిగి, అపకేంద్రబలమును తన బరువుతో సరితూచును. ట్రైకు ఒరగలేదు గనుక ఆ బలము దానిని వెలుపలికి దొర్లింపజూచును. వెనుక చక్రముల నడుమ 120 సెంటీమీటర్లు, గురుత్వకేంద్రము ఎత్తు 60 సెంటీమీటర్లు, బరువులో మూడవవంతు ముందు చక్రముపై ఉన్నదనుకొందము. నాలుగు చక్రముల బండికి మధ్యరేఖనుండి అంచువరకు 60 సెంటీమీటర్లుండగా, త్రికోణము ముందుకు సన్నగిల్లుటచే ట్రైకునకు గురుత్వకేంద్రమువద్ద 40 సెంటీమీటర్లే మిగులును. 20 మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో నాలుగు చక్రముల బండి గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగమున దొర్లు స్థితికి వచ్చును. ట్రైకు 41 కిలోమీటర్లకే వచ్చును. మలుపు మధ్యలో బెదరి బ్రేకు వేసినచో బరువు ముందుకు, అనగా త్రికోణపు ఇరుకు కొనవైపు జరిగి, ఈ వేగము ఇంకను తగ్గును.

చరిత్రయు ఈ మాటనే బలపరచుచున్నది. హార్లే కంపెనీయే 1932 నుండి 1973 వరకు 'సర్వీ-కార్' అను మూడు చక్రముల బండిని తయారుచేసినది. నిలిపియున్న కార్లను తనిఖీ చేయు పోలీసులకు, కార్ఖానా పనివారికి అది ఎంతో ఉపకరించినది. ఆ పనులలో వేగము అవసరము లేదు. మన ఆటోరిక్షా అమరికయు ఇదే. పట్టణపు వీధులలో మెల్లగా నడచుచున్నంతవరకు అది నమ్మదగినది. దానికి భిన్నముగా, పొలములలోను ఇసుకనేలలలోను నడపుటకు అమెరికాలో అమ్మిన మూడు చక్రముల వాహనములవలన ప్రమాదములు పెరుగగా, 1988లో ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందము ప్రకారము వాటి అమ్మకము నిలిచిపోయినది. అవి ట్రైకుల వంటివి కావు. వాటికి డిఫరెన్షియల్ లేదు, నేల కూడ రోడ్డు కాదు. అయినను మూడు చక్రములున్నంత మాత్రమున వాహనము క్షేమకరము కాదని అవి చాటినవి.

మేలైన మార్గములు

ఈ దోషమునకు పరిష్కారములు లేకపోలేదు. 2007లో కెనడా దేశపు బి.ఆర్.పి. కంపెనీ తెచ్చిన 'స్పైడర్' బండికి రెండు చక్రములు ముందు, ఒకటి వెనుక. బ్రేకు వేసినప్పుడు బరువు వెడల్పైన వైపునకే జరుగును గనుక ఈ త్రికోణము మేలు. ఇటలీలో పియాజియో కంపెనీ 2006లో తెచ్చిన 'ఎం.పి.3' స్కూటరులో ముందరి రెండు చక్రములును బండితోపాటు ఒరుగును. ఆగినప్పుడు ఒరగకుండ బిగించి ఉంచవచ్చును. పాత అలవాటు చెడదు, కాలికి శ్రమ లేదు. సమస్య మూలమును గ్రహించి చేసిన కల్పన ఇదియే. అయితే పాత బండికి వెనుక ఇరుసు తగిలించుట సులభము, ముందు భాగమును మార్చుట కష్టము. అందుచే సులభమైనదే ఎక్కువగా సాగుచున్నది.

మన దేశములో కాళ్లు పనిచేయనివారు స్కూటరుకు ఇరుప్రక్కల చిన్న చక్రములు బిగించుకొని నడపుట అందరు చూచినదే. మెల్లగా పోవు తేలిక బండికి అది తగిన ఏర్పాటు. దానిని చూచి బరువైన, వేగమైన బండ్లకు వీధిచివరి కార్ఖానాలో మూడవ చక్రము తగిలించుకొనుట తగదు. వాహన నిర్మాణములో మార్పులను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నియంత్రించుచున్నది.

కావున మా తీర్పు ఇది: ట్రైకు ఆగియున్న బండి పడిపోవు సమస్యను పూర్తిగా తీర్చినది, పరుగెత్తు బండి దొర్లిపోవు సమస్యను క్రొత్తగా తెచ్చినది. మొదటిదానిని చెప్పి రెండవదానిని చెప్పని వ్యాపారి వృద్ధునకు సగము నిజమునే అమ్ముచున్నాడు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో తేలికగా చూపవచ్చును. సమానమైన రెండు చెక్కముక్కలు తీసికొని ఒకదానికి నాలుగు మేకులు, మరొకదానికి మూడు మేకులు కాళ్లుగా కొట్టవలెను. రెంటిపైనను ఒకే ఎత్తున, ఒకే స్థానమున సమానమైన బరువులు కట్టవలెను. జారకుండ గరుకు కాగితము అంటించిన పలకపై వాటిని నిలిపి, పలకను ప్రక్కకు మెల్లగా ఎత్తవలెను. ఏది ముందు పడునో, ఎన్ని డిగ్రీలకు పడునో కోణమానినితో కొలిచి వ్రాయవలెను. పైన చెప్పిన కొలతల నిష్పత్తిలో చేసినచో ముక్కాలిది సుమారు 34 డిగ్రీలవద్ద, నాలుగు కాళ్లది 45 డిగ్రీలవద్ద పడవలెను. ఆపై గరుకు నేలపై పెట్టి చూచినచో ఏది ఊగకుండ నిలుచునో కూడ తెలియును. ఒకే పీటలోని గుణమును, దోషమును విద్యార్థులు తమ చేతులతోనే కొలిచినవారగుదురు.