నూటికి 93 - ఒక పరిశోధనపై విమర్శ

మన దేహకణములు అతి సూక్ష్మమైన బుడగలను సదా వెలికి విడుచుచుండును. ఎక్సోసోములనబడు ఈ బుడగల వ్యాసము సుమారు మిల్లీమీటరులో పదివేలవ వంతు. వీని పొర కొలెస్టరాలు, స్ఫింగోమైలిన్ మొదలగు లిపిడ్లతో, అనగా కొవ్వుజాతి పదార్థములతో, ఏర్పడియున్నది. కణమునకు కాన్సరు సోకినపుడు ఈ లిపిడ్ల పాళ్ళు మారునా? మారినచో మూత్రపరీక్షతో వ్యాధిని కనిపెట్టవచ్చునా? నార్వే రాజధాని ఆస్లోలో టోరె స్కోట్లాండ్, ఆయన సహచరులు చేసి, 2017లో ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్నను గూర్చినదే.

వారు ప్రోస్టేటు గ్రంథి కాన్సరు గల 15 మంది మూత్రమునుండి, ఆరోగ్యవంతులైన 13 మంది మూత్రమునుండి ఈ బుడగలను వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో 36 రకముల లిపిడ్లను కొలిచిరి. తొమ్మిదింటి పాళ్ళలో భేదము కనబడినది. కొన్నిటిని జోడించి చూడగా రోగులలో నూటికి 93 మందిని, ఆరోగ్యవంతులలో అందరిని సరిగా గుర్తింపగలిగిరి.

మూత్రమును ఎన్నుకొనుట మెచ్చదగినది. రక్తములో లిపోప్రోటీనులను కొవ్వు రేణువులు విస్తారముగా ఉండి, బుడగలతో కలసివచ్చి లెక్కను చెరచును. ఆరోగ్యవంతుల మూత్రములో అవి అత్యల్పము.

కాని ‘నూటికి 93’ అను మాటను విప్పి చూడవలెను. అది 15 మందిలో 14 మంది మాత్రమే. మరియొకరు తప్పినచో 87కు దిగిపోవును. ఇక ఆరోగ్యవంతుల మాట. పదిమందిలో ఒకరిని పొరపాటున రోగిగా చూపు పరీక్షయైనను, 13 మందిలో ఒక్క తప్పును లేకుండ బయటపడు అవకాశము ఎంత? 0.9ని 13 మార్లు వేసి గుణించిన 0.25 వచ్చును, అనగా నాలుగింట ఒకటి! అదియుగాక, నిజమైన భేదమేదియు లేకున్నను, ఇరువదింట ఒకటి అను ప్రమాణముతో 36 పోలికలు చేసినచో సుమారు రెండు కాకతాళీయముగా భేదించినట్లు తోచును. ఏ మనుష్యులనుండి సూచికలను ఏరితిమో వారిమీదనే వానిని పరీక్షించుట చాలదు. క్రొత్తవారిమీద నిలిచిననే అవి నిలిచినట్లు.

ఇది కేవలము అంకెల తగవు కాదు. తప్పుడు ఫలితమువలన ఆరోగ్యవంతుడు గ్రంథిలో సూది గుచ్చించుకొని ముక్క తీయించుకొనవలసివచ్చును. రోగికి చికిత్స ఆలస్యమగును. పరిశోధకులు తమ శీర్షికలో ‘సూచికలు కాదగినవి’ అనియే వ్రాసిరి. ఆ ‘కాదగిన’ అను మాటను విడిచి చదువుటయే ప్రమాదము. ఉపాధ్యాయులు పై గుణకారమును తరగతిలో చేయించినచో, విద్యార్థులకు శాతములను చదువు విధము తెలియును.