రెండు బోర్డుల నడుమ

రేడియో సొంతంగా కట్టుకునేవాళ్ళు టంకం మీద పెట్టే శ్రద్ధ ఇన్సులేషన్ మీద పెట్టరు. మన గోదావరి జిల్లాల్లో ఇన్సులేషన్ మీద శ్రద్ధ రెట్టింపు ఉండాలంటాను.

హైదరాబాద్ హామ్ (ఔత్సాహిక రేడియో ఆపరేటర్) అశర్ ఫర్హాన్ రూపొందించిన మైక్రో బిటెక్స్ ట్రాన్స్‌సీవర్ కిట్టు 2017 చివర్లో వచ్చింది. దాని తొలి వెర్షన్లలో డిస్‌ప్లే వెనకే రాడుయినో అనే చిన్న బోర్డు ఆనుకుని ఉంటుంది. డబ్బా చిన్నదైతే మెయిన్ బోర్డు కూడా దాన్ని ఒరుసుకుంటుంది. బోర్డు తిరగేసి చూడండి: కట్టర్‌తో కోసిన విడిభాగాల కాళ్ళ కొనలు సూదుల్లా నిలబడి ఉంటాయి. నల్ల టేపు ఒక్క చుట్టు వేస్తే నొక్కుడుకి అవి దాన్ని చీల్చుకుని బయటికొస్తాయి. రాజమండ్రి ఎండకి టేపు గమ్ము కూడా జారిపోతుంది. అట్టముక్క పెడితే వానాకాలంలో చెమ్మ పీల్చుకుని కరెంటు లీకవుతుంది.

నేను పాత ఎక్స్-రే ఫిల్మ్ వాడతాను. బ్లీచింగ్ నీళ్ళలో నానబెడితే నల్లపొర ఊడిపోతుంది. ఆ పొరలోని జెలటిన్ చెమ్మ పడుతుంది కనుక పూర్తిగా పోవాలి. మిగిలే పారదర్శక పాలియెస్టర్ షీటుని బోర్డు కంటే కాస్త పెద్దగా కత్తిరించి, స్క్రూలకి కన్నాలు పెడితే సరి. వేడెక్కే చోట మాత్రం కాప్టన్ టేపే నయం.

అయితే షీటు షార్టుని ఆపుతుంది గానీ సిగ్నల్‌ని ఆపదు. బోర్డులు మరీ దగ్గరైతే డిస్‌ప్లే రొద రిసీవర్లోకి పాకుతుంది. అందుకే ముందు నైలాన్ స్పేసర్లతో ఎడం, ఆ తర్వాతే షీటు.

ఈ కిట్టులోని ఐఆర్ఎఫ్ 510 పవర్ ట్రాన్సిస్టర్ల సంగతి వేరే చెప్పాలి. వాటి లోహపు రేకే డ్రెయిన్. దానికి బిగించిన హీట్‌సింకులోనూ 12 వోల్టులుంటాయి. రెండు హీట్‌సింకులు ఒకదానికొకటి తగలకూడదు, ఇనపడబ్బాకీ తగలకూడదు. డబ్బాకే బిగించాలంటే మైకా వాషరు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 1996 నవంబరు 6న తుఫాను కోనసీమని ఊడ్చేసింది. స్తంభాలు, తీగలు నేలకూలే అలాంటి రాత్రి బ్యాటరీ మీద నడిచే సెట్టే మాట చేరవేయాలి. ఉప్పుగాలిలో, కుదుపుల్లో అది నిలవాలంటే లోపలి సందుల్ని ఇప్పుడే చూసుకోవాలి.

కాబట్టి మూత బిగించాక, కరెంటు ఇవ్వకముందు, 12 వోల్టుల తీగకీ డబ్బాకీ మధ్య మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి సెట్టుని నాలుగు వైపులా వంచి చూడండి. బీప్ వినిపిస్తే విప్పండి. సప్లై తీగలో ఒక ఫ్యూజు కూడా పెట్టండి.